ఏడు పొరల డాలు

నీలగంధి రాజధాని కోటగోడలు పొద్దుటి ఎండలో నెమలి మెడలా మెరుస్తాయి. గోపురాల మీద బంగారు కలశాలు, కలశాల మీద పావురాలు, పావురాల వల్ల కలశాలకు జరిగిన నష్టం, అన్నీ ఆ వెలుగులో స్పష్టంగా కనిపిస్తాయి. రాజవీధికి రెండు పక్కలా చలువరాతి ఏనుగులు తొండాలెత్తి నిలబడి ఉంటాయి. వాటిని చెక్కిన శిల్పి దేశదేశాల కీర్తి పొందాడు. ఆ తొండాలకు తాళ్ళు కట్టి వీధివాళ్ళు బట్టలారేసుకుంటారు.

ఆ వీధి చివరింట్లో, డాళ్ళు చేసే చెన్నుడు చేసిన ఏడు పొరల తోలుడాలు ఆ ఉదయం ఎవరూ ముట్టుకోకుండానే చర్రుమని రెండుగా విడిపోయింది.

చెన్నుడు దానికేసి చూశాడు. ఇది తొమ్మిదోది.

పొరలు బాగున్నాయి. దున్నతోలు, నూనె పట్టించి, ఎండబెట్టి, కొలతకు కోసినది. జిగురు మాత్రం తన పని కాదన్నట్టు ఎండిపోయి పొట్టులా రాలుతోంది. డాలు పరీక్షకు ఇంక ఎనిమిది రోజులే ఉన్నాయి.

నీలగంధికి ఏటా జొన్న కంకులు పాలు పోసుకునే వేళ ఉత్తరపు కొండల్లోంచి ఆవిరి శరభం వస్తుంది. సింహం ఒళ్ళు, గద్ద రెక్కలు, ఎనిమిది కాళ్ళు. నోరు తెరిస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు సలసలా కాగే ఆవిరి. దాని గొంతు కింద అరచెయ్యంత మెత్తటి చోటుంది. అక్కడ కత్తి దిగితే చస్తుంది. అంత దగ్గరికి వెళ్ళాలంటే డాలు కావాలి. ఇనుపడాలైతే కాలి చేతికి అంటుకుంటుంది. చెక్కడాలైతే ఉబ్బి పగులుతుంది. తోలుడాలు ఒక్కటే దారి. ఆ తోలు పొరలను కలిపి ఉంచే జిగురు ఆవిరి తగలగానే కరిగిపోతుంది. ఇదీ సమస్య.

ఈ ఏడు శరభం మీదికి యువరాణి హరిణాక్షి స్వయంగా వెళతానని కొలువులో కత్తి దూసి చెప్పింది. మహారాజు ఉదారవర్మ, ఆయనకా పేరు పసితనంలో, గుణం బయటపడక ముందే పెట్టారు, కొత్త డాలుకు సరిపడా తోలు ఇప్పించి, మిగిలిన ముక్కలు వెనక్కి పంపమన్నాడు.

డాలుకు ముందు పరీక్ష ఉంటుంది. మైదానంలో డాలు మీద సలసల కాగే నీళ్ళు పోస్తారు. తర్వాత మూడు బాణాలు కొడతారు. డాలు వెనక, దాన్ని చేసినవాడే నిలబడాలి. రాజ్యం పుట్టిన నాటి నుంచీ ఇదే ఆచారం. దీనివల్ల నీలగంధిలో డాళ్ళు గొప్పగా ఉంటాయని పండితులు రాశారు. డాళ్ళు చేసేవాళ్ళు తగ్గిపోయారన్న సంగతి మాత్రం రాయలేదు. పోయినేడు డాలు చేసిన సింగన్న ఇప్పటికీ ఒక పక్కకే తిరిగి పడుకుంటాడు. అంతకు ముందేడు చేసినాయన పేరు ఊళ్ళో ఎవరూ ఎత్తరు.

"మళ్ళీ ఊడిందా?" అంది మేనత్త వరదమ్మ, వంటింట్లోంచి వస్తూ. చెన్నుణ్ణి చిన్నప్పటి నుంచీ పెంచిన మనిషి. "నేను చెబుతూనే ఉన్నా. తోడు సరిపోలేదు."

తోడు అంటే, ఆ ఇంటి మూలన పీట మీద పసుపు బొట్లతో ఓ నల్లటి కుండ ఉంది. అందులో చెన్నుడి ముత్తాత జిగురు కలిపాడు. తాత ఆ జిగురు అయిపోకముందే అందులో ఇంకో జిగురు పోశాడు. తండ్రి ఇంకొకటి. పెరుగుకి తోడు వేసినట్టు, పాత దాంట్లో కొత్తది, కొత్త దాంట్లో పాతది. నాలుగు తరాల్లో ఆ కుండ అడుగు చూసినవాడు లేడు. చుట్టాలొస్తే ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాత కుండ చూపిస్తారు. ఆ ఇంట్లో ఏ జిగురు కాచినా ఒక గరిటె అందులోంచి తీసి కలపాల్సిందే. కలపని జిగురు జిగురే కాదు.

ఎదురింటి పాపయ్య అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. ఎవరింట్లో ఏది ఊడినా ఆ శబ్దం ఆయనకు వినిపిస్తుంది. జీవితంలో ఒక్క డాలు కూడా చెయ్యని మనిషి.

"చింతగింజల లై వాడు చెన్నా. మా పెదనాన్న ముప్పై ఏళ్ళు వాడాడు."

"వాడాను బాబాయ్. చీమలు తినేశాయి."

"అయితే తుమ్మబంక."

"నీళ్ళు పడితే పానకమవుతుంది."

"లక్క?"

"వంచితే పగులుతుంది. వేడికి కారుతుంది."

"తోలుముక్కలు ఉడకబెట్టి తీస్తారే, ఆ బంక? పట్టుకుంటే వదలదు."

"పొడిగా ఉన్నంతసేపు వదలదు. ఆవిరి తగిలితే మళ్ళీ పులుసే. మీ పెదనాన్న ఏం అంటించేవాడు బాబాయ్?"

పాపయ్య కొంచెం ఆలోచించాడు. "గాలిపటాలు," అన్నాడు.

చెన్నుడు గోడకు తల ఆనించాడు. పాపయ్య వెళ్ళలేదు. వెళ్ళే ముందు ఒక మాట చెబుతానని కూర్చున్నాడు, కూర్చుని చెప్పాడు. పొగమడుగు అవతల కంటకేశుడనే మాంత్రికుడున్నాడట. 'క్షణబంధి' అని ఒక జిగురు చేస్తాడట. కన్ను మూసి తెరిచేలోపు అంటుకుంటుందట. కాకపోతే నీలగంధివాళ్ళు కనిపిస్తే కప్పలుగా మార్చేస్తాడట.

"ఎందుకట?"

"ఒకప్పుడు మనవాళ్ళు కొనేప్పుడు మరీ బేరమాడారట."

ఇది నమ్మదగ్గదిగానే ఉంది. చెన్నుడు గాజుల వ్యాపారి వేషం వేశాడు. తలపాగా, భుజాన గాజుల మలారం, పై పెదవి మీద మేకవెంట్రుకల మీసం. మీసాన్ని ఇంటి కుండలో జిగురుతోనే అంటించుకున్నాడు. దారిలో ఏమీ కొనుక్కోకూడదని వరదమ్మ పులిహోర, దబ్బకాయ ఊరగాయ, రెండో రకం ఊరగాయ కట్టిచ్చింది. మలారంలో గాజులకు చోటు చాల్లేదు.

మూడు రోజుల దారి. మొదటి రోజు ముళ్ళలోయలో తలపాగా సగం పోయింది. రెండో రోజు వైతాళి నదిలో మొసలి పడవను అటకాయించింది. చెన్నుడు దాని నోట్లోకి రెండో రకం ఊరగాయ జాడీ విసిరాడు. మొసలి నోరు మూసింది, కళ్ళు మూసింది, తర్వాత చాలా నెమ్మదిగా వెళ్ళిపోయింది. మూడో రోజు నల్లరాళ్ళ కొండచరియ విరిగిపడుతుంటే ఆ రాళ్ళ కంటే ముందు కిందికి చేరుకున్నాడు. అక్కడ పొగమడుగు కనిపించింది.

ఊదారంగు పొగ మోకాలెత్తున పాకుతోంది. దాని నడుమ స్ఫటిక స్తంభాలతో ఒక మందిరం. స్తంభం స్తంభానికీ చుట్టుకుని రత్నాల కళ్ళున్న పాములు. గుమ్మానికి ముత్యాల తోరణం, తోరణం కింద పలక మీద ముత్యాల్లాంటి అక్షరాలు: 'ఒక కుండకు ఒక గరిటె ఉచితం.'

"రండి బాబూ రండి. చెప్పులతోనే రండి, పర్వాలేదు," అంటూ కంటకేశుడు ఎదురొచ్చాడు. జడలు కట్టిన గడ్డం, పుర్రెల దండ, చేతిలో గరిటె. "ఏం అంటిస్తారు?"

"తోలు. పొర మీద పొర."

"క్షణం పట్టదు. వీళ్ళను చూడండి."

మూలన ముగ్గురు శిష్యులు భుజానికి భుజం ఆనించి నిలబడి ఉన్నారు. ముగ్గురూ కారణం లేకుండా నవ్వుతున్నారు.

"మూడేళ్ళయింది అంటుకుని. ఊడలేదు. ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?"

"ఇబ్బందిగా లేదా అన్నా?" అన్నాడు చెన్నుడు మధ్యవాడితో.

"అలవాటైంది బాబూ. ఒకడికి దగ్గొస్తే ముగ్గురం దగ్గుతాం."

"మరి ఈ వాసనకి తలనొప్పి రాదా?"

"మొదటి నెలే. తర్వాత తల ఉన్నట్టు తెలీదు."

చెన్నుడికి అప్పటికే కళ్ళు మండుతున్నాయి. స్తంభాల మీది పాములు ఏడు కాస్తా పద్నాలుగయ్యాయి. ఈ జిగురు ఇంట్లో కాస్తే వరదమ్మ ఏమవుతుందో, వీధిలో పిల్లలేమవుతారో అనుకున్నాడు. అయినా ప్రాణం మీదికొచ్చిన మనిషి కదా, అడగాల్సినవి అడిగాడు.

"ఇది తడికి ఆగుతుందా? వేడికి ఆగుతుందా? తోలు వంగినప్పుడు?"

"అందరూ అడుగుతారు బాబూ. కొన్నాక మళ్ళీ ఎవరూ అడగలేదు."

"ఎందుకని?"

"వాళ్ళు మళ్ళీ రాలేదు."

సరిగ్గా ఆ క్షణాన చెన్నుడి మీసం కుడివైపు ఊడి గడ్డం మీద వేలాడింది. ఇంటి జిగురు, పొగ తగిలింది. అతను దాన్ని చేత్తో నొక్కిపట్టాడు. ఎడమవైపు ఊడింది.

కంటకేశుడు మీసానికేసి చూశాడు. మలారంలో ఊరగాయకేసి చూశాడు. "నీలగంధి," అన్నాడు, చాలా మామూలుగా. గరిటెడు క్షణబంధి చెన్నుడి కాళ్ళ దగ్గర ఒలకబోశాడు.

చెప్పులు నేలకు అతుక్కుపోయాయి. మాంత్రికుడు కప్ప మంత్రం అందుకున్నాడు. మంత్రం పొడుగ్గా ఉంది, మధ్యలో గురువుల పేర్లన్నీ వస్తాయి. చెన్నుడు కంగారుపడ్డాడు గానీ, తోలుపనివాడి కాళ్ళు వాటంతటవే పనిచేశాయి. మడమ ఎత్తాడు, వేళ్ళు నొక్కాడు, మళ్ళీ మడమ. తోలు వంగింది. కింద గాజులా గట్టిపడ్డ క్షణబంధి వంగలేక టక్కున పగిలింది. అది ఎడమ కాలు. కుడి చెప్పు చెన్నుడు ఇంటి జిగురుతో అంటించినది. అది అట్టల మధ్య ఊడి, కింది అట్ట నేలకే వదిలేసి, పైది కాలితో వచ్చేసింది. ఎడమకాలి కింద మాంత్రికుడి జిగురు ఓడింది, కుడికాలి కింద చెన్నుడి జిగురు ఓడింది. ఏది ఏమైతేనేం, రెండు కాళ్ళూ కదిలాయి, గుమ్మం దాటాయి.

"పట్టుకోండి," అన్నాడు కంటకేశుడు మంత్రం ఆపి. శిష్యులు ముగ్గురూ ఒక్కసారిగా గుమ్మంలోకి దూరారు. గుమ్మం ఇద్దరికి సరిపోతుంది.

మాంత్రికుడు శిష్యుల వెనక ఇరుక్కుపోయి ఊదిన పొగలోంచి ఒక పొగపాము లేచింది. తాటిచెట్టంత పొడవు, నిప్పుకణాల కోరలు. చెన్నుడు కుంటుకుంటూ పరిగెత్తాడు. వాగు దాటాడు, బండ ఎక్కాడు, తెల్లటి పాలతీగలు అల్లుకున్న కొండవాలు మీద ఓ గుడిసె ముందు బోర్లా పడ్డాడు. పాము వచ్చి నడుముకు చుట్టుకుంది.

గుడిసె ముందు ఒక ముసలమ్మ తీగకు గాటు పెట్టి దొప్పలో పాలు పడుతోంది. పాలతీగల పుల్లమ్మ అంటారు ఆవిణ్ణి. ఆ చుట్టుపక్కల కొండల్లో తోలుపని తెలిసిన ఒకే ఒక్క మనిషి.

"ఎవరు నువ్వు?" అంది తల తిప్పకుండా.

"అవ్వా, పాము."

"పాము సంగతి సరే. ఏ ఊరు?"

"నీలగంధి. అవ్వా, బిగిస్తోంది."

"ఇంటిపేరు?"

"డాళ్ళవాళ్ళం."

"వరదమ్మ నీకేమవుద్ది?"

"మేనత్త." ఈ మాట అతను గొంతుతో కాక, మిగిలిన ఊపిరితో అన్నాడు.

"మా ఆడపడుచు కూతురి పెళ్ళికొచ్చింది. గారెలు చల్లారాయంది." పుల్లమ్మ లేచి, కొంచెం ఆలోచించి, చెంబుడు చన్నీళ్ళు పాము మీద పోసింది. పాము తుస్సుమని మామూలు పొగైపోయింది. "ఆవిడ మాట నీకంటగట్టను. చెప్పు, ఏం పని?"

చెన్నుడు అంతా చెప్పాడు. తొమ్మిది డాళ్ళు, ఆవిరి, బాణాలు, పాపయ్య పెదనాన్న. అవ్వ లోపలికెళ్ళి రెండు తోలు పట్టీలు తెచ్చింది, ఒకదానికొకటి అంటించినవి. వాటిని పొయ్యి మీద మరుగుతున్న చారులో పడేసింది.

"లాగు," అంది కాసేపయ్యాక తీసి.

చెన్నుడు లాగాడు. కాలు తన్నిపెట్టి లాగాడు. చివరికి తోలు చిరిగింది. అతుకు ఊడలేదు.

ఆ చిరిగిన ముక్కను చెన్నుడు చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. మడిచాడు, విప్పాడు, నలిపాడు. అతుకు తోలుతో పాటు వంగుతోంది.

"వాసన?"

"పచ్చిగా ఉంటాది. మత్తెక్కదు. అయినా వాకిలి తీసి పెట్టుకునే పూసుకో. ఈ చారు మాత్రం పారబోసెయ్." అవ్వ వేళ్ళు మడిచింది. "నాలుగు సంగతులు చెబుతా, పైపంచెకి ముళ్ళేసుకో. ఒకటి, తోలు నున్నటి వైపు ముందు గరుకురాయితో గీకు, లేకపోతే దేనికీ పట్టదు. రెండు, రెండు ముఖాలకీ పూయి, పల్చగా. నెయ్యి కాదు, దోసె మీద నూనె. మూడు, ఆరనియ్యి. వేలుపెడితే తెల్లగా అంటకూడదు, అప్పుడే ఒకదాని మీద ఒకటి పెట్టి నడుమ నుంచి అంచులకి సుత్తితో కొట్టు. తొందరపడ్డావా, లోపల తడి ఉండిపోయి ఉబ్బుతాది."

"నాలుగు?"

"దేంట్లోనూ కలపకు. పాత జిగురు చుక్క పడినా విరిగిపోతాది, పాలల్లో నిమ్మకాయ పిండినట్టు. కొత్త కుండ, కొత్త పుల్ల."

చెన్నుడు నాలుగో ముడి గట్టిగా వేశాడు. అవ్వ కుండ నిండా పాలు పోసి, మూతికి ఆకు కట్టి ఇచ్చింది. కొండ దిగాక అతను దాన్ని తెరిచి, అందులోంచి కొంచెం తీసి వెదురుగొట్టంలో పోసి, బిరడా పెట్టి మొలలో దోపుకున్నాడు. ఎందుకు దాస్తున్నాడో అతనికే తెలీదు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళందరూ ఏది మంచిదైతే దాన్ని కొంచెం దాస్తారు. ఎప్పుడు తీస్తారన్నది వేరే సంగతి.

మాంత్రికుడి పొగపాములు దారి కాస్తుంటే కొండల వెంబడి చుట్టూ తిరిగి, ఎనిమిదో రోజు తెల్లవారేసరికి ఇల్లు చేరాడు. నాలుగు రోజులుగా కన్ను మూయలేదు. పరీక్ష ఆ మధ్యాహ్నమే. గుమ్మంలో కూలబడి, కుండ వరదమ్మ చేతికిచ్చి, పైపంచె ముళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ చెప్పాడు. గరుకురాయి. పల్చగా, రెండు వైపులా. ఆరనివ్వాలి.

"నాలుగోది," అన్నాడు. నిద్రపోయాడు.

జాము గడిచాక లేచాడు. కొత్త కుండ కడిగి ప్రహరీగోడ మీద బోర్లించి ఉంది.

"అత్తా."

"లేచావా. తోలంతా గీకి పెట్టించా. పాపయ్య కూడా సాయం పట్టాడు."

"అత్తా, ఇందులో జిగురేది?"

"తోడేశా కదరా," అంది వరదమ్మ, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ. "మన కుండలో పోసి బాగా కలిపా. ఎంత మంచి జిగురైనా మన కుండలో పడ్డాకే కదా."

చెన్నుడు మూలకెళ్ళి చూశాడు. నల్లటి కుండలో తెల్లటి పాలు విరిగి, ముద్దలు ముద్దలుగా, నాలుగు తరాల మధ్య తేలుతున్నాయి. అతను పీట పక్కన కూర్చుని పైపంచెలో మిగిలిన ఒక్క ముడినీ విప్పాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ విప్పాడు.

"ఏమైందిరా? తక్కువైందా?" అంది వరదమ్మ. "కావాలంటే ఇంకో రెండు గరిటెలు తీసుకో. మన ఇంట్లో దానికేం కరువు."

"అత్తా, మధ్యాహ్నం ఆ డాలు వెనక నిలబడేది నేను."

"అందుకే కదరా తోడేసింది."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగానే అందుకే వేసింది. చెన్నుడు లేచి నిలబడితే మొలలో ఏదో గుచ్చుకుంది. వెదురుగొట్టం.

తీసి కొలిచాడు. రెండు అతుకులకు వస్తుంది. రెండు అతుకులంటే మూడు పొరలు. డాలుకు ఏడు కావాలి, రాజుగారి మనుషులు అంచు మీద వేలు పెట్టి లెక్కపెడతారు. సరే, లోపలి మూడూ పాలతీగతో, బయటి నాలుగూ తాతలతో. తలుపులన్నీ తీశాడు. గరుకు ముఖాల మీద పల్చగా పూశాడు. ఆరబెట్టాడు.

ఇంక కష్టమైన పని మొదలైంది, ఊరుకోవడం. పాపయ్య వచ్చి "ఆరిందా" అని వేలు పెట్టాడు. ఆయన వేలిముద్ర పడ్డ చోట చెన్నుడు గీకి మళ్ళీ పూశాడు. వరదమ్మ విసనకర్రతో విసిరి దుమ్ము లేపింది. పక్కింటావిడ "ఎండలో పెడితే తొందరగా ఆరదూ" అంది. "మీరందరూ ఒక్క గడియ లోపలికెళ్ళి కూర్చోండి," అన్నాడు చెన్నుడు. అందరూ లోపలికెళ్ళి, కిటికీలోంచి సలహాలు చెప్పారు. వేలికి తెల్లగా అంటడం మానాక, నడుమ నుంచి అంచులకు సుత్తితో కొట్టాడు. ఆ సుత్తి దెబ్బల్లో అతని ఎనిమిది రోజుల మాటలన్నీ ఉన్నాయి.

మైదానం కిక్కిరిసింది. పట్టు గొడుగుల కింద మహారాజు, నెమలిపించాల వింజామరలు, ఏనుగుల మీద భేరీలు. నీళ్ళు కాగుతున్నాయి, ఆ కట్టెలు వృథా కాకూడదని పక్క పొయ్యి మీద అంతఃపురానికి చిలగడదుంపలు ఉడుకుతున్నాయి. వరదమ్మ ముందు వరసలో నిలబడింది. ఎందుకైనా మంచిదని నల్లకుండ కూడా చంకలో పెట్టుకొచ్చింది. ఎక్కడైనా ఊడితే అక్కడికక్కడే పూయొచ్చు కదా.

చెన్నుడు డాలు ఎత్తి నిలబడ్డాడు. కాగే నీళ్ళు పడ్డాయి. చర్రుమంది. మొదటి పొర జారి అతని కాళ్ళ ముందు పడింది.

"ఒకటి," అన్నాడు ఉదారవర్మ. "ఆ తోలు జాగ్రత్త చెయ్యండి."

మొదటి బాణం వచ్చింది. రెండో పొర, మూడో పొర దాంతో పాటే వెళ్ళిపోయాయి. రెండో బాణం నాలుగో పొరను గుచ్చి తీసుకుపోయింది. డాలు సగం కంటే పల్చనైంది. పోయినేటి సింగన్న ముఖం పక్కకి తిప్పుకున్నాడు. మూడో బాణం వింటికెక్కింది. చెన్నుడు తన చేతిలో మిగిలిన మూడు పొరల వెనక నడుం వంచి, సాధ్యమైనంత చిన్నగా అయ్యాడు.

బాణం రాలేదు. విలుకాడు పైకి చూస్తున్నాడు.

మైదానం మీద నీడ పడింది. బంగారు కలశాల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పగడాల్లాంటి కళ్ళు, మబ్బుల్లాంటి రెక్కలు, ఎనిమిది కాళ్ళకూ కొడవళ్ళ గోళ్ళు. జొన్నలింకా పాలు పోసుకోనేలేదు, శరభం ముందే వచ్చేసింది. విలుకాడు విల్లు వదిలి పరిగెత్తాడు. జనం పరిగెత్తారు. మహారాజు సింహాసనం కిందికి వెళ్ళాడు. మైదానం నడుమ డాలు పట్టుకున్నవాడు ఒక్క చెన్నుడే మిగిలాడు. ఎటు పరిగెత్తాలో అతను తేల్చుకునేలోపు పక్కన ఎవరో వచ్చి భుజంతో తోశారు.

"జరుగు," అంది యువరాణి హరిణాక్షి, కత్తి దూసి డాలు వెనక్కి దూరుతూ. "ఎన్ని పొరలున్నాయి?"

"మూడు, యువరాణీ."

"ఏడు కదా ఉండాల్సింది?"

"ఇంట్లో చిన్న ఇబ్బంది."

శరభం నోరు తెరిచింది. ఆవిరి వచ్చిపడింది. డాలు అంచుల చుట్టూ తెల్లటి వేడి హోరున పారింది. చెన్నుడి మోచేతుల మీద వెంట్రుకలు ముడుచుకుపోయాయి. అతను కళ్ళు మూసుకుని చర్రుమనే శబ్దం కోసం ఎదురుచూశాడు. తొమ్మిది డాళ్ళు విన్న చెవులవి. పది లెక్కపెట్టాడు. ఇరవై లెక్కపెట్టాడు.

శబ్దం రాలేదు.

హరిణాక్షి డాలు పక్కనుంచి దూకి కత్తి విసిరింది. అది మెత్తటి చోటికి జానెడు పక్కన, ఎముకకు తగిలి జారింది. శరభం అరుస్తూ పక్కకు ఒరిగి, గోళ్ళు చాచి అందినదాన్ని అందుకుంది. అందింది నల్లకుండ.

అందరూ పారిపోయినా వరదమ్మ పారిపోలేదు. కుండతో పరిగెడితే ఒలుకుతుంది.

"వదిలెయ్ అత్తా," అన్నాడు చెన్నుడు.

"తాతల నాటిదిరా."

నిజానికి ఆవిడ వదులుదామన్నా అప్పటికే కుదర్లేదు. ముత్తాత నాటి నుంచి దేన్నీ సరిగా అంటని ఆ జిగురు, శరభం ఆవిరికి కాగి పొంగి, మొట్టమొదటిసారి అంటుకుంది. ఒక పక్క శరభం గోళ్ళకు, ఒక పక్క వరదమ్మ రెండు చేతులకు. శరభం గోళ్ళు విదిలించింది. ఊడలేదు. భయపడి రెక్కలు కొట్టింది. కుండ లేచింది, కుండతో వరదమ్మ లేచింది. గోపురాలు దాటి, కలశాలు దాటి, ఉత్తరపు కొండల వైపు చిన్నదైపోతూ ఆవిడ కింది వైపు చూసి ఏదో కేకేసింది.

"ఏమంటోంది?" అంది హరిణాక్షి.

"పొయ్యి మీద పప్పు పెట్టిందట. దించమంటోంది."

"నా గుర్రం తెప్పిస్తున్నాను. డాలు చేసినవాడు డాలు వెంట రావాలి. వస్తావా?"

"వస్తాను యువరాణీ. పప్పు దించి వస్తాను," అన్నాడు చెన్నుడు. అప్పటికే పరిగెడుతున్నాడు, మూడు పొరల డాలు వీపున కట్టుకుని, ఒకటిన్నర చెప్పులతో, మెడ ఆకాశం వైపు తిప్పి. ఈ ఎనిమిది రోజులూ ఆ కుండను ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టుకున్నవాడు, ఇప్పుడు అది ఊడకూడదని దారిలో కనిపించిన ప్రతి గోపురానికీ దణ్ణం పెడుతున్నాడు. చల్లగాలి తగిలితే ఆ జిగురు ఎంతసేపు ఆగుతుందో నీలగంధిలో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.